రాచదిన్నె చుట్టుదారి

వానలు వెనకబట్టి సీతాఫలాలు పండే రోజుల్లో, ఒక సాయంత్రం, కృపమణి తాను గీసిన పటాన్ని మళ్ళీ చెరిపి, పెన్సిలును కిటికీలోంచి బయటికి విసిరేసింది. కాసేపు చేతులు కట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి, లాంతరు పట్టుకుని పోయి, గన్నేరు చెట్ల కింద వెతికి దాన్ని తెచ్చుకుంది. ఇంట్లో ఇంకో పెన్సిలు లేదు మరి.

ఆమె కడపలో ఒక మిషన్ బాలికల పాఠశాలలో భూగోళం చెప్పే టీచరు. ముప్పై దాటింది. పెళ్ళెప్పుడని అడిగేవాళ్ళు కూడా ఈమధ్య అడిగి అడిగి అలిసిపోయారు. ఆమెకు ఒక సైకిలుంది. దేశానికి స్వతంత్రం వచ్చిన మరుసటేడు ఇంగ్లండుకు వెళ్ళిపోయిన నర్సు దొరసాని పోతూ పోతూ ఇచ్చిపోయిన నల్ల సైకిలు అది. చీర చిక్కుకోకుండా వెనక చక్రానికి దారాల వల కూడా ఉంది. ఆమె దానిమీద బడికి పోవడం మొదలుపెట్టిన కొత్తలో వీధి కుక్కలూ, పిల్లలూ, పెద్దమనుషులూ అందరూ వెంటపడి చూసేవాళ్ళు. కొన్నాళ్ళకు కుక్కలు మానుకున్నాయి. ఆ తర్వాత పిల్లలు మానుకున్నారు. పెద్దమనుషులే ఇంకా మానుకోలేదు.

ఆ ఏడు కొత్త రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయింది. ఇకమీద ఇన్‌స్పెక్టర్లు దగ్గర్నుంచే ఊడిపడతారని బళ్ళన్నీ కొత్త కొత్త పనులు తలకెత్తుకున్నాయి. వాళ్ళ బడి పెద్ద టీచరమ్మ కూడా కృపమణిని పిలిపించింది.

"పాలకొండలు కండ్ల ముందర పెట్టుకోని పుస్తకంలో కొండలు చూపిస్తాండావు పిల్లలకు. పై తరగతి పిల్లలు సైకిలు నేర్చుకున్నారు గదా. పొద్దున పోయి సాయంత్రానికి తిరిగొచ్చే మాదిరి మంచి దారొగటి చూడు. కొండలుండల్ల, నీళ్ళుండల్ల, చూసేదానికి బాగుండల్ల. ముందు మీ టీచర్లు పోయిరండి. బాగుంటే పిల్లల్ని పంపిద్దాం."

కృపమణికి ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. దారంటే ఎత్తుపల్లాలు చూసుకుని, వాగులూ వంకలూ చూసుకుని వేసేదనే ఆమె అనుకుంది. మనుషుల్ని చూసుకుని వేయాలన్న సంగతి అప్పటికి ఆమెకు తెలియదు.

మొదట పుష్పగిరికి వేసింది. కొండ కింద పెన్న పారుతుంటుంది, ఇసుక మీద కూర్చుని తినొచ్చు, దారి కూడా మరీ ఎత్తు కాదు. పటం తీసుకుపోయి బాలస్వామికి చూపింది. బాలస్వామి ఆమె చిన్నాయన, నాన్న తమ్ముడు. మిషన్ చర్చికి పాదిరి కూడా. ఆయన సరేనంటే తప్ప మిషన్ కాంపౌండు లోంచి సైకిలు బయటికి కదలదు.

"పుష్పగిరా? గుడి కాడికి పోతారా?"

"గుడి కాడికి కాదు చిన్నాయనా. పెన్న కాడికి."

"పెన్న యాడుండాది?"

"గుడి పక్కన."

"మరి?"

ఆయన "మరి" అన్నాడంటే ఆ మాటకు ఇక జవాబు ఉండదు. ఒంటిమిట్ట వైపు వేస్తే అక్కడ కోదండరాముడు. పాలకొండ మీదికే వేస్తే అక్కడా గుడి. కృపమణికి విసుగు పుట్టింది. "ఈ జిల్లాలో రెండు చెట్లూ గుక్కెడు నీళ్ళూ యాడుంటే ఆడ దేవుడు ముందుగాల్నే వచ్చి కూర్చోనుండాడు చిన్నాయనా. నేనేం చేసేది?"

"దేవుడనాకు. విగ్రహమను," అన్నాడు బాలస్వామి, పటం మడిచి ఆమె చేతికిస్తూ.

తర్వాత సిద్ధవటం. కోట చూడొచ్చు, పెన్న చూడొచ్చు, దారి పొడుగునా అడవి. చిన్నాయన ఎట్లాగో తలూపాడు. ఈసారి హాస్టలు మేట్రన్ విశ్వాసమ్మ అడ్డం తగిలింది. ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. భారీ మనిషి. ఆ వయసులో పట్టుపట్టి సైకిలు నేర్చుకుంది. పెద్ద మనిషి ఒకరు వెంట లేనిదే వెళ్ళడానికి వీల్లేదని పెద్ద టీచరమ్మ షరతు పెట్టింది కాబట్టి విశ్వాసమ్మ లేకుండా పని జరగదు. ఆమె పటం మీద వేలు పెట్టి వరసగా చెప్పుకుంటూ పోయింది. ఈ ఊళ్ళో మా చెల్లెలి వియ్యపురాలు, ఈ ఊళ్ళో నేను పురుడు పోసిన పిల్ల, ఇక్కడ మా మేనత్త కొడుకు గాబ్రియేలు, మంచంలో ఉన్నాడు, చూడకుండా పోతే ఏమనుకుంటాడు?

"అందర్నీ చూసుకుంటా పోతే సిద్ధవటం చేరేసరికి క్రిస్మస్ వస్తాది పెద్దమ్మా," అంది కృపమణి.

"చూడకుండా పోతే నాకు మళ్ళా వాండ్ల మొగం చూసే యోగం ఉండదు పాపా. ఇంగో దారి ఎయ్యి."

ఇంకో దారి వేసింది. కడపకు దక్షిణాన రాయచోటి రోడ్డు మీద గువ్వలచెరువు కనుమ. మలుపులు తిరుగుతూ కొండెక్కే రోడ్డు. ఆ దారిలో తీర్థం లేదు, తిరునాళ్ళు లేదు. విశ్వాసమ్మ చుట్టాలు కూడా, ఎంత వెతికినా, ఒక్కరూ లేరు. పోయేటప్పుడు కొండ ఏడిపిస్తుంది గానీ వచ్చేటప్పుడు అదే మోసుకొస్తుంది. చిన్నాయన పటాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, తప్పేమీ దొరక్క, "సరే" అన్నాడు. పెద్ద టీచరమ్మ "బాగుండాది" అంది. ఆ సంతోషంతో కృపమణి కుట్టుపని గదికి పరుగెత్తి రామలక్ష్మమ్మకు చూపింది.

రామలక్ష్మమ్మ కుట్టుపని టీచరు. రెడ్ల ఇంటి కోడలు. భర్త నారాయణరెడ్డికి కడపలోనే ఉద్యోగం. కృపమణి కంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఏ మాటకైనా ముందు నవ్వి తర్వాత జవాబు చెప్పే మనిషి. ఆమెకు సైకిలు నేర్పింది కృపమణే. మూడోనాడే బడి గేటును గుద్ది, పెదవి చిట్లి, నెత్తురు తుడుచుకుంటూ కూడా నవ్వింది. అట్లాంటి మనిషి పటం చూసి నవ్వలేదు.

"రాచదిన్నె మీదుగానా?"

"అవునక్కా. రోడ్డు ఊర్లోనుంచే పోతాది."

"మా అత్తగారి ఊరు. ఆ ఊర్లోనుంచి వద్దు కృపా."

"ఎందుకు?"

"వద్దంటే వద్దు."

కృపమణికి అర్థమైపోయింది. లేదా అర్థమైందని అనుకుంది. కోడలు సైకిలు తొక్కుతుందని అత్తకు తెలియకూడదు, అంతే. ఏం చదువుకుని ఏం లాభం, అత్తంటే ఇంత భయమా అని మనసులోనే విసుక్కుంది. తెల్లవారకముందే చీకట్లో ఊరు దాటేద్దామంది. "మా అత్త కోడి కంటే ముందు లేస్తాది," అంది రామలక్ష్మమ్మ. ముసుగేసుకో అంది. "సైకిలు మీద ముసుగేసుకోని పోతే ఊరు ఊరంతా లేచి చూస్తాది." పోనీ నువ్వు రావద్దు, మేమిద్దరం పోయొస్తామంది. రామలక్ష్మమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నన్ను ఇడిసిపెట్టి పోతారా?"

పెన్సిలు కిటికీలోంచి బయటపడింది ఆ సాయంత్రమే.

మరునాడు బళ్ళో ఉన్న పాత సర్వే పటం తెరిచి, గుడ్డి దీపం ముందు కళ్ళు పొడుచుకుని చూస్తే ఒక సన్నటి గీత కనిపించింది. రాచదిన్నెకు ముందే, రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ దగ్గర రోడ్డు దిగి, ఎడమకు తిరిగి, కొండ అడుగున పొలాల వెనకగా పోయి, ఊరు దాటాక మళ్ళీ రోడ్డులో కలిసే బండిబాట. చుట్టుదారి. దూరం ఎక్కువ, ముళ్ళు ఎక్కువ, ఇసుక ఎక్కువ. కానీ ఊరు తగలదు. రామలక్ష్మమ్మ దాన్ని చూసి మళ్ళీ నవ్వింది. ఆ నవ్వు చూసి కృపమణికి ఒళ్ళు మండింది.

రోజు కుదరడం ఇంకో తంటా. ఆదివారం చర్చిలో ఆరాధన కాబట్టి కృపమణికీ విశ్వాసమ్మకూ కుదరదు. సోమవారం బడి. చివరికి శనివారం ఖాయమైంది. రామలక్ష్మమ్మకు శనివారం ఒక్కపొద్దు. "ఒగ పూట తింటా గదా, దానికేముంది, ఆ ఒగ పూటా మీతో తింటా," అంది.

తెల్లవారుతుండగా బయల్దేరారు. చలిగాలి. పాలకొండల నడుముకు మంచు పట్టీ చుట్టినట్టుంది. ముందు కృపమణి, వెనక రామలక్ష్మమ్మ, ఆ వెనక అద్దె సైకిలు మీద విశ్వాసమ్మ, పాట పాడుకుంటూ. ఎత్తు వచ్చినప్పుడల్లా పాట ఆగేది, పల్లం రాగానే ఆగిన చోటినుంచే మళ్ళీ మొదలయ్యేది. ఎదురొచ్చే బండ్లవాళ్ళు ఎద్దుల్ని పక్కకు లాగి, నోళ్ళు తెరిచి నిలబడ్డారు. ఒకాయన "కాలం చెడిపోయె" అన్నాడు. ఇంకొకాయన "కాదప్పా, ఎలక్షన్లొచ్చినట్టుండాయి" అన్నాడు.

మోరీ దగ్గర రోడ్డు దిగారు. దిగిన పది బారల్లోనే విశ్వాసమ్మ వెనక చక్రం ఉస్సుమంది. తుమ్మముల్లు. కృపమణి సైకిలు బోర్లించి, టైరు ఊడదీసి, ట్యూబుకు పట్టీ అతికించింది. గాలి కొట్టి లేచేసరికి తన ముందు చక్రం ఉస్సుమంటోంది. పల్లేరుగాయ. దానికీ పట్టీ వేసింది. "ఊర్లోనుంచి పోయింటే ఈపాటికి కనుమ కింద ఉందుము," అంది ఎవరివైపూ చూడకుండా. రామలక్ష్మమ్మ గాలి పంపు తీసుకుని తానే కొట్టింది.

ఇసుకలో కొంత తోసుకుంటూ, గట్టినేల మీద కొంత తొక్కుకుంటూ పోయారు. పోగా పోగా బాట కొండ పక్కకు చేరింది. అక్కడినుంచి కృపమణి విసుగు కూడా కాసేపు నోరు మూసుకుంది. ఎడమ చేతి పక్కన ఇటుక రంగు బండలు గోడ కట్టినట్టు నిలువునా లేచి ఉన్నాయి. వాటి సందుల్లోంచి సన్నగా ఊట జారుతోంది. వాన తడికి బండల మీద పచ్చటి పాచి. కింద సీతాఫలం పొదలు, పండి పగిలిన కాయల మీద చిలకలు. కౌజు పిట్టలు గుంపుగా సైకిళ్ళ ముందే కొంతదూరం పరుగెత్తి పొదల్లోకి దూరాయి. పిల్లలకు చూపించాల్సింది ఇదే అనుకుంది ఆమె. రోడ్డు మీద పోతే ఇది కనపడేదే కాదు. రామలక్ష్మమ్మకు ఆ మాట చెబుదామని తల తిప్పింది కూడా.

అంతలో బాట మలుపు తిరిగింది. మలుపు అవతల చెనిక్కాయల చేను. చేన్లో కూలివాళ్ళు బారుగా కూర్చుని చెట్లు పీకుతున్నారు. గట్టు మీద, బోర్లించిన గంప మీద, చేతికర్ర పట్టుకుని ఒక పెద్దామె కూర్చుని ఉంది.

"అత్తా!" అంది రామలక్ష్మమ్మ. అంతే, సైకిలు గట్టును తగిలి, ఆమె ఎగిరి పోయి చెనిక్కాయ కుప్పలో పడింది.

ఊరికి వెనకుండేది ఊరివాళ్ళ పొలాలే కదా, ఆ పొలాల్లో ఇది పంట పీకే కాలమే కదా అన్న ముక్క భూగోళం టీచరుకు తట్టకపోవడం చూసి కృపమణికి తనమీద తనకే అసహ్యం వేసింది.

అత్త రామసుబ్బమ్మ గబగబా వచ్చి కోడల్ని లేపి, ఒంటికంటిన మట్టీ ఆకులూ దులిపింది. మోకాలు చూసింది, మోచెయ్యి చూసింది. ఎముకలన్నీ బాగున్నాయని తేల్చుకున్నాకే గొంతెత్తింది.

"ఏమ్మే, ఇంటి ముందర రోడ్డు పెట్టుకోని దొంగల మాదిరి ఈడ పడి వస్తాండారు? ఎవురన్నా చూస్తే నా కోడలు నా గడప తొక్కకుండా పోయిందని ఊరంతా టాంటాం చెయ్యరా?"

"అది కాదత్తా, సైకిలు..."

"సైకిలు తొక్కుతావని నాకు తెలీదా? నారాయణ ఎప్పుడో చెప్పినాడు. బాగనే తొక్కుతావనుకుంటి. ఇట్ల పడతావని చెప్పలా వాడు." కూలివాళ్ళు నవ్వారు. ఆమె కృపమణి వైపూ విశ్వాసమ్మ వైపూ తిరిగింది. "మీరు మా కోడలి బళ్ళో టీచరమ్మలా? పాండి పాండి, ఇంటికి పోదాం. కడుపుకింత తిని పోదురు."

కృపమణి నిలబడి చూస్తోంది. కోడలు సైకిలు తొక్కుతుందని అత్తకు తెలుసు. అత్తకు అందులో తప్పేమీ కనపడలేదు. మరి ఇన్ని పంచర్లు దేనికి? ఇన్నిసార్లు పటం చెరపడం దేనికి? రామలక్ష్మమ్మ వైపు చూసింది. ఆమె మొహం సైకిలు మీదనుంచి పడ్డ మనిషి మొహంలా లేదు. ఇంకా పడబోతున్న మనిషి మొహంలా ఉంది.

"వద్దత్తా. పొద్దు పోతాది. మేం కనుమెక్కి రావల్ల," అంది రామలక్ష్మమ్మ.

"కనుమ యాడికీ పోదులే. దాసన్నా! ఆ సైకిళ్ళు తీసుకురా!"

దాసన్న వాళ్ళ పాలేరు. అతను అప్పటికే విశ్వాసమ్మ సైకిలు నడిపించుకుంటూ ఊరివైపు తిప్పేశాడు. ఇక చేసేదేముంది? ఏ ఊరు తప్పించుకోవాలని ఇంత చుట్టు తిరిగారో ఆ ఊళ్ళోకే నడుచుకుంటూ పోయారు, ఎర్రటి ఎండలో, వెనక పిల్లల గుంపుతో.

రామసుబ్బమ్మ మంచి మనిషి. అందులో అనుమానం లేదు. కాళ్ళకు నీళ్ళిప్పించింది. విశ్వాసమ్మ ఆయాసం చూసి విసనకర్ర ఇప్పించింది. లోపలికి పోయి వంట పురమాయించింది. శనివారం కాబట్టి నీచు లేదని నొచ్చుకుంది. వేడివేడి సంగటి, పప్పు, చెనిక్కాయల పచ్చడి, నెయ్యి, గడ్డ పెరుగు. వాసనకే కడుపులో పేగులు లేచాయి.

దాసన్న ఇంటిముందు పందిట్లో, ఎద్దుల్ని కట్టేసే గాటిపాటకు కాస్త ఇవతల, చాప పరిచాడు. చాప ముందు రెండు ఆకులు వేశాడు.

రెండే.

కృపమణి ఆ రెండు ఆకులనూ చూసింది. అట్లాంటివి ఆమె చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉంది. వాళ్ళ నాయన పల్లెల్లో వాక్యం చెప్పుకుంటూ తిరిగే రోజుల్లో ఎన్ని పందిళ్ళల్లో, ఎన్ని చెట్ల కింద అట్లా కూర్చున్నాడో. బీయే చదివి, పిల్లలకు ప్రపంచ పటం నేర్పే ఉద్యోగం చేస్తున్నాక, ఆ ఆకులు మళ్ళీ తన ముందు పడతాయని ఆమె అనుకోలేదు. చేయి సైకిలు హ్యాండిలు మీదికి పోయింది. ఎక్కి పోదామనుకుంది.

"కూచ్చో పాపా," అంది విశ్వాసమ్మ చిన్నగా, అప్పటికే చాప మీద చతికిలబడి. "నాకింగ తొక్కేదానికి ఓపిక లేదు. నువ్వు పోతే నేనొక్కదాన్నే ఈడ కూర్చోని తినల్ల."

కృపమణి కూర్చుంది. 

"ఏమ్మే, లోపలికి రా. నీకు వంటింట్లో పెట్టినా," అని గడపలోంచి పిలిచింది రామసుబ్బమ్మ.

రామలక్ష్మమ్మ కదల్లేదు. ఆకుల పక్కనే, చాపమీద కాదు, వట్టి నేలమీద కూర్చుంది. "నాకూ ఈడనే వెయ్యత్తా."

"ఈడేంది? లోపల తట్టలో సంగటి పెట్టినా."

"దాసన్నా, ఇంగో ఆకు తీసుకురా."

దాసన్న పెద్దామె వైపు చూశాడు. రామసుబ్బమ్మ గడపలో నిలబడే ఉంది, చేతిలో నేతిగిన్నెతో.  పందిట్లో కోడి ఒకటి వచ్చి ఆకుల దగ్గర తచ్చాడితే విశ్వాసమ్మ "హుష్" అంది. ఆఖరికి పెద్దామె "ఎయ్యి," అని, మొహం తిప్పుకుని లోపలికి పోయింది.

వడ్డించింది ఆమే. ముగ్గురికీ ఒకేలాగ, పైనుంచి, చెయ్యి ఆకుకు తగలకుండా వడ్డించింది. నెయ్యి మాత్రం ఒకటికి మూడుసార్లు వేసింది. విశ్వాసమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, ఆ ఇంటినీ ఆ ఇంటి గాదెనూ దీవించమని ప్రభువును అడిగి, తృప్తిగా తింది. రామలక్ష్మమ్మ తల వంచుకుని తింది. కృపమణికి తిన్నదే తెలియలేదు. పోయేటప్పుడు రామసుబ్బమ్మ బుట్టెడు సీతాఫలాలు తెప్పించి, చిన్న మూటలు కట్టించి సైకిళ్ళకు తగిలించింది. కోడలితో మాత్రం మాట్లాడలేదు.

కనుమ కిందికి చేరేసరికి ఎండ పడమటికి వాలింది. మొదటి మలుపు దగ్గర ఒక వంక రోడ్డుకు అడ్డంగా పారుతోంది. అది దాటాక ఎత్తు మొదలైంది. దిగి, తోసుకుంటూ నడిచారు. విశ్వాసమ్మ వెనకబడింది. కృపమణి ముందు నడుస్తోంది, పళ్ళు బిగించి, కొండనంతా ఒక్క తోపుతో ఎక్కేసేలాగ. రామలక్ష్మమ్మ రొప్పుతూ వచ్చి ఆమెతో కలిసింది.

"కోపమా?"

"కోపం కాదు."

"మరి?"

"కోపమే."

రామలక్ష్మమ్మ దారిలో ఉన్న రాయిని తప్పించి సైకిలు తోసింది.

"మా అత్త చెడ్డది కాదు కృపా."

"కాదని నేనన్నానా? మూడుసార్లు నెయ్యేసింది. మొదుల్నే ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"ఏమని చెప్పల్ల? మా ఇంట్లో అన్నం పెడతారు గానీ మిమ్మల్ని పందిట్లో కూర్చోబెడతారని చెప్పల్లా? నోరొస్తాదా?" రామలక్ష్మమ్మ ఆగిపోయింది. "మూడేండ్లుగా బళ్ళో నీ క్యారియర్లో చెయ్యి పెట్టి తింటాండా. ఆ సంగతి మా ఇంట్లో తెలీదు. ఈపొద్దు తెల్సింది."

"నేనేమో సైకిలు సంగతి దాస్తాండావని అనుకున్నా. అత్తకింత భయపడే మనిషి ఏం టీచరు అని నిన్ను ఎంత తిట్టుకున్నానో నీకు తెలీదు."

"తెల్సు. నీ మొగం చూస్తే తెలీదా? తిట్టుకోనీలే, అదే నయం అనుకున్నా."

కృపమణి ఏదో అనబోయి ఆగింది. ఏమనాలి? నీ తప్పు కాదనాలా? అది నిజమే గానీ, అంటే ఆ పందిరినీ క్షమించేసినట్టవుతుందేమో. తప్పు నీదే అనాలా? వట్టి నేలమీద కూర్చున్న మనిషిని పట్టుకుని ఆ మాట ఎట్లా అంటుంది? అందుకని ఆమె నోటికి వచ్చిన మాట అంది.

"చెప్పింటే నాకు ఇన్ని పటాలు గీసే పని తప్పేది గదక్కా!"

రామలక్ష్మమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. కృపమణి నవ్వలేదు గానీ, రెండు సైకిళ్ళూ మళ్ళీ పక్కపక్కన నడిచాయి.

ఇంకో రెండు మలుపులు ఎక్కగలిగారు. అక్కడ రోడ్డు పక్క పిట్టగోడ మీద కూర్చుంటే కిందంతా విప్పిన చాపలా కనిపించింది. జొన్న చేలు, నల్లరేగడి పొలాలు, ఎండకు మెరిసే చెరువులు, కడప ఊరి పొగ, ఎక్కడో దూరాన పెన్న ఇసుక తెల్లటి గీతలా. రాచదిన్నె కూడా కనిపించింది, దాని వెనక తాము పడ్డ పాట్ల బండిబాట కూడా, వెంట్రుకంత సన్నగా. విశ్వాసమ్మ వచ్చి కూలబడింది.

"ఇదేనా పైన?"

"ఇంకా శానా మలుపులుండాయి పెద్దమ్మా."

"ఆ మలుపుల్ని ప్రభువు చూసుకుంటాడులే. నేను ఈడనుంచి కదిల్తే ఒట్టు."

మూట విప్పి సీతాఫలాలు పంచింది. వద్దందామనుకుంది కృపమణి. కానీ దాహంగా ఉంది, ఆకలిగా కూడా ఉంది. మధ్యాహ్నం తిన్నది ఒంటికి పట్టలేదు. పండు నోట్లో పెట్టుకుంది. చక్కెర మాదిరి తియ్యగా ఉంది. అట్లా తియ్యగా ఉండటం కూడా ఆమెకు చికాకే అయింది.

దిగేటప్పుడు కొండ మాట నిలబెట్టుకుంది. కాలు ఆడించకుండానే చక్రాలు పరుగెత్తాయి, గాలి చెవుల్లో హోరెత్తింది. బండిబాట చీలే చోట కృపమణి వేగం తగ్గించి ఎటని వెనక్కి చూసేలోగా రామలక్ష్మమ్మ ఆమెను దాటి నేరుగా రోడ్డు మీదే, ఊళ్ళోకే పోయింది. విశ్వాసమ్మ సైకిలుకు బ్రేకులు సరిగా పట్టవని అప్పుడే తెలిసింది. "తప్పుకోండి నాయనా, తప్పుకోండి!" అని అరుస్తూ ఆమె ఊరంతటినీ అరుగులెక్కించింది. పెద్దామె ఇంటి ముందు నిలబడి ఉంది. కోడలు ఆగలేదు గానీ, "పోయొస్తా అత్తా!" అని కేక పెట్టింది. జవాబు ఏం వచ్చిందో గాలిలో వినపడలేదు.

సోమవారం పెద్ద టీచరమ్మ ముందు కృపమణి కొత్త పటం పరిచింది. రాచదిన్నె ఊళ్ళోనుంచే పోయే దారి. మధ్యాహ్నం భోజనానికి ఆగేది కనుమ కింద వంక దగ్గర.

"వంక కాడెందుకు?" అంది పెద్ద టీచరమ్మ. "ఆ ఊర్లో రామలక్ష్మమ్మ అత్తగారిల్లు ఉండాదట గదా. పిల్లలకు నీడ ఉంటాది, బావి నీళ్ళుంటాయి."

కృపమణి ఏదో ఒక సాకు చెబుదామని నోరు తెరిచింది. పక్కన నిలబడ్డ రామలక్ష్మమ్మ ముందే అందుకుంది.

"వద్దు టీచరమ్మా. మా ఇంట్లో పిల్లల్నందర్నీ ఒగ పంక్తిలో కూర్చోబెట్టరు. సగం మందికి లోపల, సగం మందికి పందిట్లో వేస్తారు. వంక కాడైతే అందరూ ఒగచోట కూర్చోని, ఒగచోట తాగుతారు."

పెద్ద టీచరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. "సరే, వంక కాడనే," అని సంతకం చేసింది.

జనవరిలో పిల్లలను తీసుకుపోయారు. దారిపొడుగునా చక్రాలు పంచర్లవుతూనే ఉన్నాయి. ఒక పిల్ల చెప్పు వంకలో కొట్టుకుపోయింది. ఇంకో పిల్ల సగం దారిలో కడుపునొప్పని కూర్చుంది. అందర్నీ అదిలించి, బతిమాలి, తోసి, కృపమణి ఈసారి కనుమ పైకి చేర్చింది. పైన నిలబడితే అవతలి పక్క కూడా కనిపించింది, రాయచోటి సీమ, వరసమీద వరస కొండలు, అన్నీ రాళ్ళే, అన్నీ ముళ్ళే.

"ఆ పక్కకు ఎప్పుడు పోదాం టీచర్?" అంది ఒక పిల్ల.

కృపమణి నుదురు కొట్టుకుంది. "ముందు పొద్దుండగా కిందికి దిగండమ్మా తల్లీ!" అంది.